తరగతి గదిలో కథల పుస్తకం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పిల్లల పుస్తకాలను ఎలా ఎంచుకోవాలి, తరగతిలో వాటిని ఎలా వాడుకోవాలి అన్న విషయంపై ప్రశ్నలు పంపవలసిందిగా గత సంచికలో పాఠకులను కోరాం. ఉత్తరాలు రాసినవారిలో ఎక్కువమంది ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపి, పేర్లు తీసివేసి ఇక్కడ ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాఠశాలకు గ్రంథాలయ నిధి కింద 5,000 రూపాయలు వచ్చాయి. ఇంతకుముందు ఇలాగే వచ్చిన డబ్బుతో ఒక పంపిణీదారు కట్టి ఇచ్చిన కట్టను విప్పకుండానే కొన్నాం. అందులో సగం పుస్తకాలను పిల్లలు ముట్టుకోలేదు. ఈసారి ఏమేం చూసి కొనాలి?
— ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, నంద్యాల జిల్లా

జవాబు: ఆ కట్టలో ఎలాంటి పుస్తకాలు వచ్చాయన్నది తర్వాతి మాట. ఎవరూ చదవకుండా వాటిని కొనడమే అసలు చిక్కు. సమగ్ర శిక్ష అనే పాఠశాల విద్యా పథకం కింద 2018–19 నుంచి పాఠశాల స్థాయిని బట్టి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ నిధి ఇస్తున్నారు. మీకు వచ్చిన మొత్తం చిన్నదిగా కనిపించవచ్చు గానీ, తెలుగులో మంచి బొమ్మల పుస్తకాలు చాలావరకు వంద రూపాయల లోపే దొరుకుతాయి కాబట్టి యాభైకి పైగా పుస్తకాలు వస్తాయి. ఒక బొమ్మల పుస్తకాన్ని పెద్దవాళ్ళు చదవడానికి ఐదారు నిమిషాలకు మించి పట్టదు. కొనబోయే ప్రతి పుస్తకాన్నీ ముందుగా ఆసాంతం చదవడం రెండు సాయంత్రాల్లో తెమిలే పని. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి వచ్చే నలుగురైదుగురు టీచర్లు ఆ పనిని పంచుకుంటే ఇంకా సులువు.

చదివేటప్పుడు ఏదో ఒక పేజీని గొంతెత్తి చదవండి. చిన్నపిల్లల పుస్తకంలోని వాక్యం నోటికి పట్టుబడకపోతే అది చెవికీ ఎక్కదు. ‘కలిగియున్నది’, ‘చూడబడెను’ వంటి మాటలు పేజీకి రెండుసార్లు తగిలాయంటే, రాసినవారు ఆ కథను ఏ పిల్లకూ చెప్పి చూడలేదని అనుకోవచ్చు. పాత్రలు ఉత్తరాంధ్ర మాటో, తెలంగాణ మాటో, రాయలసీమ మాటో మాట్లాడితే దాన్ని మాత్రం లోపంగా లెక్కించకండి. సంభాషణల్లో అలాంటి పలుకుబడి ఉన్న పుస్తకాలు మనకు తక్కువ. దొరికినప్పుడు వదులుకోకూడదు.

బొమ్మల సంగతి ఇంకొంచెం జాగ్రత్తగా చూడాలి. మాటల్లో ఎర్ర గొడుగు అని ఉండి, బొమ్మలోనూ ఒక ఎర్ర గొడుగే ఉంటే ఆ బొమ్మ కొత్తగా చెప్పిందేమీ లేదు. ఆ గొడుగు కింద ఒక కుక్కపిల్ల తలదాచుకున్న సంగతిని మాటలు చెప్పకుండా బొమ్మ చెబితే, ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్ల సైతం దాన్ని మిగతావారికన్నా ముందే కనిపెడుతుంది. చదవడం రాని పిల్లలకు పుస్తకంలో పెత్తనం దొరికేది అక్కడే. అసలు మాటలే లేని బొమ్మల పుస్తకాలు మూడు నాలుగైనా కొనండి. అవి డబ్బు దండగ అని కొందరు ప్రధానోపాధ్యాయులు అనుకుంటారు గానీ, ఒకటో తరగతి పిల్లల చేత గుక్కతిప్పుకోకుండా మాట్లాడించేవి అవే.

అచ్చు కూడా చూడండి. తెలుగు లిపిలో వత్తులు అక్షరం కిందికి దిగుతాయి, గుడులూ ఏత్వాలూ పైకి లేస్తాయి. పంక్తుల మధ్య చోటు చాలకపోతే పై పంక్తిలోని వత్తు కింది పంక్తిలోని గుడిని తాకుతుంది. అలవాటైన కంటికి ఇది తెలియదు గానీ, ఇప్పుడిప్పుడే వత్తులు నేర్చుకుంటున్న పిల్లకు ఆ పేజీ ముళ్ళకంపలా కనిపిస్తుంది. రంగు బొమ్మ మీదే అక్షరాలు అచ్చువేసిన పుస్తకాలను, ముదురు నీలం మీద నల్ల అక్షరాలున్నవాటిని నిర్మొహమాటంగా పక్కన పెట్టవచ్చు.

పుస్తకాలను ఒక్కొక్కటిగా చూసినప్పుడు కనిపించని లోపం ఒకటుంది. కొనాలనుకున్నవన్నీ నేలమీద పరిచి చూస్తేనే అది బయటపడుతుంది. అన్నింటిలోనూ అమ్మ వంటింట్లోనే ఉందా? నల్లరంగు దొంగలకూ రాక్షసులకూ మాత్రమే దక్కిందా? చేపలు పట్టేవారి ఇంటి పిల్ల, మగ్గం నేసేవారి ఇంటి పిల్లవాడు, గొర్రెలు కాచే తాత ఏ కథలోనైనా ఉన్నారా? కాలు లేని పిల్లవాడు కథలోకి వస్తే జాలి పడడానికే వస్తున్నాడా, లేక మిగతావారితో కలిసి అల్లరి కూడా చేస్తున్నాడా? ఏ ఒక్క పుస్తకమూ వీటన్నింటికీ జవాబు చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా. మొత్తం అలమరా చెప్పాలి.

కథలతోనే సరిపెట్టకుండా పిట్టల గురించి, పురుగుల గురించి, మనిషి ఒంటి గురించి, యంత్రాల గురించి రాసిన పుస్తకాలనూ, పాటలూ పొడుపుకథలూ ఉన్నవాటినీ కలపండి. నేషనల్ బుక్ ట్రస్ట్, చిల్డ్రన్స్ బుక్ ట్రస్ట్ రెండూ 1957లోనే మొదలయ్యాయి. మొదటి సంస్థ వేసే నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో తెలుగు పుస్తకాలు చౌకగా దొరుకుతాయి. హైదరాబాదులోని మంచి పుస్తకం, చెన్నైలోని తూలిక, బెంగళూరులోని ప్రథమ్ బుక్స్ తెలుగులో బొమ్మల పుస్తకాలు వేస్తున్నాయి. విజయవాడలో జనవరి మొదట్లోనూ, హైదరాబాదులో డిసెంబరులోనూ జరిగే పుస్తక ప్రదర్శనలకు వెళ్ళగలిగితే అన్నింటినీ ఒకేచోట తిరగేసి చూడవచ్చు. వీలైతే ఇద్దరు ముగ్గురు పిల్లలను వెంట తీసుకెళ్ళండి. వాళ్ళు ఏ పుస్తకం దగ్గర నిలబడిపోయారో గమనించండి. బాగా నచ్చుతుందని మీకు గట్టిగా అనిపించిన పుస్తకాన్ని రెండు ప్రతులు కొనడం మంచిది.

ప్రశ్న: నేను కథ చదివి వినిపించిన తర్వాత దాని నీతిని బల్ల మీద రాసి, పిల్లల చేత చెప్పిస్తాను. మా తోటి ఉపాధ్యాయుడు అలా చేయడం వల్ల కథ పాడవుతుందంటున్నారు. నీతి లేకపోతే కథ చెప్పి ప్రయోజనం ఏమిటి?
— ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: మీ తోటి ఉపాధ్యాయుడితోనే మేమూ ఏకీభవిస్తున్నాం. అయినా మీ అలవాటు ఊరికే వచ్చింది కాదు. పరవస్తు చిన్నయసూరి పంచతంత్రంలోని మిత్రలాభం, మిత్రభేదం తీసుకొని 1853లో వెలువరించిన గ్రంథానికి ‘నీతిచంద్రిక’ అనే పేరు పెట్టాడు. తరతరాల తెలుగు విద్యార్థులు కథను బడిలో చదివింది ఆ పేరు కిందే. కథ అంటే నీతి, నీతి అంటే పరీక్షలో రాయవలసిన చివరి వాక్యం అన్న అభిప్రాయం అలా మన బడుల్లో స్థిరపడింది.

విచిత్రమేమిటంటే, పంచతంత్రంలోని నీతికీ మనం బల్ల మీద రాసే నీతికీ పెద్దగా పోలిక లేదు. విష్ణుశర్మ ముగ్గురు రాజకుమారులకు ఆరు నెలల్లో నేర్పుతానని పూనుకున్నది లోకంలో నెగ్గుకొచ్చే తెలివిని. కోతీ మొసలీ కథనే తీసుకోండి. నేరేడుచెట్టు మీది కోతి గుండె తినాలన్న భార్య కోరిక తీర్చడానికి మొసలి దాన్ని నీళ్ళలోకి తీసుకుపోతుంది. నడుమ అసలు సంగతి తెలుసుకున్న కోతి, తన గుండెను చెట్టు మీదే మరిచి వచ్చానని చెప్పి ఒడ్డుకు చేరి బతికిపోతుంది. ఈ కథకు ‘చెడు స్నేహం చేయరాదు’ అని రాసి ముగిస్తే తరగతి నోరు మూతపడుతుంది. మీరు ఏమీ రాయకుండా ఒక నిమిషం ఊరుకుంటే, ‘కోతి అబద్ధం చెప్పింది కదా టీచర్, అది తప్పు కాదా?’ అని ఒకరైనా అడుగుతారు. మరొకరు మొసలి భార్యది తప్పంటారు. ఇంకొకరు మొసలికి ముందే బాధ కలిగింది కదా అంటారు. అబద్ధం ఎప్పుడు తప్పు, ఎప్పుడు కాదు అన్నదాని మీద ఎనిమిదేళ్ళ పిల్లలు పావుగంట వాదించుకుంటే అంతకు మించిన నీతి పాఠం ఏముంటుంది?

అందుచేత నీతి అడగడం మానేసి వేరే ప్రశ్నలు వేసి చూడండి. కథలో ఎవరు నచ్చలేదు? ఏ బొమ్మ దగ్గర ఇంకాసేపు ఆగాలనిపించింది? ఇక్కడ ఆ అమ్మాయి ఎందుకు మాట్లాడలేదనుకుంటున్నారు? నీకు తెలిసిన ఎవరైనా ఇలాగే చేశారా? ఒకే సరైన జవాబు ఉన్న ప్రశ్నను మొదటే వేయకండి, ఎందుకంటే దాన్ని తెలివైన ఇద్దరు చెప్పేస్తారు, మిగతావారు ఆ పూటకు సెలవు తీసుకుంటారు. పిల్లలు ఒక్క మాటా అనకుండా కూర్చుంటే కంగారు పడనక్కరలేదు. కొన్ని కథల తర్వాత పెద్దవాళ్ళకైనా వెంటనే మాట రాదు. తనిఖీకి వచ్చినవారికి చూపడానికి ఏదైనా కావాలంటే, పిల్లలు అన్న మాటలను వారి పేర్లతో సహా ఒక నోటుపుస్తకంలో రాసి ఉంచండి. బల్ల మీది నీతివాక్యం కన్నా అది మీ పనికి మంచి సాక్ష్యం.

నీతి నేర్పాలనే కోరిక గట్టిగా ఉంటే శతక పద్యాలున్నాయి. అవి తాము నీతి చెబుతున్నామని దాచుకోవు. వేమన పద్యాన్ని పద్యంగా, కథను కథగా చెప్పుకోవడంలో రెంటికీ మర్యాద ఉంది.

ప్రశ్న: మాది ఇద్దరు టీచర్ల బడి. మూడు తరగతులను ఒకే గదిలో కూర్చోబెడతాను. పుస్తకం పట్టుకొని చదివితే వెనక కూర్చున్నవారికి బొమ్మలు కనిపించవు, ముందున్నవారు మీద పడతారు. గట్టిగా చదివి వినిపించడం ఎలా?
— ఉపాధ్యాయిని, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: బెంచీలు ఉంటే పక్కకు జరిపి పిల్లలను నేలమీద అర్ధచంద్రాకారంలో, పొట్టివారు ముందూ పొడుగువారు వెనకా ఉండేలా కూర్చోబెట్టండి. మీరు ఎత్తు తక్కువ స్టూలు మీద కూర్చొని, పుస్తకాన్ని మీ భుజం పక్కగా పిల్లల వైపు తిప్పి పట్టుకోవాలి. అలా పట్టుకుంటే అక్షరాలు మీకు ఏటవాలుగా మాత్రమే కనిపిస్తాయి కాబట్టి కథ మీకు దాదాపు నోటికి వచ్చి ఉండాలి. ముందురోజు ఇంట్లో రెండుసార్లు పైకి చదువుకుని రావాలని చెప్పేది అందుకే. ఎక్కడ గొంతు తగ్గించాలో, ఏ పేజీ తిప్పే ముందు ఆగాలో అప్పుడే తేలుతుంది.

ముప్పై మందికి మించితే ఒక్క పుస్తకంతో అందరికీ బొమ్మలు చూపడం కుదరదు, ఆ ప్రయత్నంలో కథ ముక్కలైపోతుంది. అలాంటప్పుడు రెండు దారులున్నాయి. బడిలో స్మార్ట్ టీవీ ఉంటే, ప్రథమ్ బుక్స్ వారి ఆన్‌లైన్ వేదిక స్టోరీవీవర్‌లోని తెలుగు పుస్తకాలను ఉచితంగా దించుకొని తెర మీద చూపవచ్చు. 2015లో మొదలైన ఆ వేదికలో పుస్తకాలన్నీ స్వేచ్ఛా లైసెన్సుతో ఉంటాయి కాబట్టి వాటిని అచ్చు తీసుకున్నా, మరో భాషలోకి మార్చుకున్నా ఎవరినీ అడగనక్కరలేదు. టీవీ లేకపోతే మొదట బొమ్మలు చూపకుండా కథ మొత్తం చదవండి, తర్వాత పుస్తకాన్ని ఐదారుగురి జట్లకు వంతులవారీగా ఇవ్వండి. విన్న కథను బొమ్మల్లో వెతుక్కోవడం పిల్లలకు మరో ఆట అవుతుంది.

చదివే ముందు అట్ట చూపించి, కథ పేరు, రాసినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేరు చదవండి. పుస్తకాన్ని మనుషులే తయారుచేస్తారన్న సంగతి చాలామంది పిల్లలకు అలాగే తెలుస్తుంది. నడుమ రెండు మూడు చోట్లకు మించి ఆగవద్దు. ప్రతి పేజీలోనూ ‘ఇదేమిటి, ఇది ఏ రంగు’ అని అడిగే పద్ధతి శిక్షణ తరగతుల్లో మెప్పు పొందుతుంది గానీ, కథ వినేవారిని విసిగిస్తుంది. కొత్త మాట వచ్చినప్పుడు అర్థాన్ని గొంతుతోనో సైగతోనో అందించి ముందుకు సాగిపోండి. పూర్తయ్యాక ‘మళ్ళీ’ అని అడిగితే మళ్ళీ చదవండి. ఒకే పుస్తకాన్ని వారంలో మూడుసార్లు వినిపించడాన్ని కాలం వృథా అనుకోకూడదు. రెండోసారి పిల్లలు మాటలను పట్టుకుంటారు, మూడోసారి మీతో కలిసి చదువుతారు. మూడు తరగతులు కలిసిన గదిలో ఇది ఇంకా బాగా పనిచేస్తుంది, ఎందుకంటే ఒకటో తరగతి వారు వింటున్న చోటే మూడో తరగతి వారు అక్షరాల వెంట కళ్ళు నడిపిస్తుంటారు.

ప్రశ్న: పుస్తకాలు ఇంటికి ఇస్తే చింపుతారు, పోగొడతారు. స్టాక్ రిజిస్టరులో తగ్గితే మమ్మల్నే కట్టమంటారు. అందుకే బీరువాకు తాళం వేసి ఉంచుతున్నాం. ఇది తప్పా?
— గ్రంథాలయ బాధ్యతలు చూసే ఉపాధ్యాయుడు, పల్నాడు జిల్లా

జవాబు: మీ భయం సహజమే గానీ తాళం దానికి మందు కాదు. 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, ప్రతి పాఠశాలలోనూ వార్తాపత్రికలు, పత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉన్న గ్రంథాలయం ఉండాలని ఉంది. తాళం వేసిన బీరువాను ఆ గ్రంథాలయంగా లెక్కించడం కష్టం. గ్రంథాలయ శాస్త్రవేత్త షియాలి రామామృత రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు గ్రంథాలయ సూత్రాల్లో మొట్టమొదటిది, పుస్తకాలు ఉన్నది వాడకానికే అన్నది.

నష్టం గురించి కేంద్ర ప్రభుత్వ ఆలోచన ఎలా ఉందో తెలిస్తే మీకు కొంత ధైర్యం వస్తుంది. 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లో 215వ నియమం ప్రకారం, ఒక ఏడాదిలో పాఠకులు తీసుకున్న, లేదా తిరగేసిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోవడాన్ని సహజ నష్టంగా భావించవచ్చు. అయితే అందులో మోసమో నిర్లక్ష్యమో ఉండకూడదు. వెయ్యి రూపాయలకు మించిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. ఈ నియమాలు కేంద్ర సంస్థలకు వర్తిస్తాయి, మీ బడికి రాష్ట్ర నిబంధనలు వర్తిస్తాయి. అయినా ఇందులోని లెక్క ఆలోచించదగింది. బీరువాలో ఎన్ని పుస్తకాలున్నాయన్నదాన్ని పక్కనపెట్టి, ఎన్నిసార్లు చేతులు మారాయన్నదాన్ని బట్టి నష్టాన్ని కొలుస్తున్నారు. ఎక్కువగా ఇచ్చినవారికి ఎక్కువ వెసులుబాటు ఉంది, తాళం వేసినవారికి అసలు లేదు.

కాబట్టి ఇచ్చిన ప్రతిసారీ నమోదు చేయండి. ఆ పనిని నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు వారం వంతున అప్పగించండి. చినిగినవాటిని అతికించడానికి గోధుమపిండి జిగురు, పలుచని కాగితం, దారం, సూది ఒక డబ్బాలో పెట్టి ఉంచండి. ప్లాస్టిక్ టేపు వాడకండి, అది ఎండి పసుపుపచ్చగా మారి కాగితాన్ని ఇంకా పాడుచేస్తుంది. ఏడాది చివర పోయినవాటి, చినిగినవాటి జాబితాను పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశంలో చదివి, తీర్మానం రాయించి రిజిస్టరులో జతచేయండి. అన్నట్టు, ఎక్కువగా చినిగిన పుస్తకమే ఎక్కువగా చదివిన పుస్తకం. మళ్ళీ కొనేటప్పుడు దాని పేరు జాబితాలో ముందుండాలి.

ప్రశ్న: కొన్ని పుస్తకాల అట్టల మీద ఒకటో స్థాయి, రెండో స్థాయి అని ఉంటోంది. మూడో తరగతి పిల్లకు మూడో స్థాయి ఇవ్వాలా?
— ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఇవ్వనక్కరలేదు. ఆ అంకెలకూ తరగతులకూ సంబంధం లేదు. ప్రథమ్ బుక్స్ వారి నాలుగు స్థాయుల్లో మొదటిది 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1,500 దాకా, నాలుగోది అంతకు మించినవి. వాక్యాలు ఎంత కష్టంగా ఉన్నాయన్నదీ చూస్తారు గానీ, ప్రధానమైన కొలత మాటల లెక్కే. తెలుగుకు ఈ లెక్క పూర్తిగా నప్పదు. ‘వెళ్ళలేకపోతున్నానంది’ అన్నది లెక్కలో ఒకే మాట, చదివే పిల్లకు మాత్రం అది ఒక కొండ. రెండు వందల మాటలున్న తెలుగు పుస్తకం కూడా ఇలాంటి వాటితో నిండి ఉంటే కష్టమైనదే. మీ అమ్మాయి చేత ఒక పేజీ చదివించండి. ప్రతి పంక్తిలోనూ ఆగుతుంటే ఆ పుస్తకాన్ని మీరే చదివి వినిపించండి. తడబడకుండా సాగుతుంటే స్థాయి ఏదైనా తననే చదువుకోనివ్వండి.

వత్తులు లేని మాటలతోనే అల్లిన పుస్తకాలు కొన్ని వస్తున్నాయి. అక్షరాలు నేర్చుకునే కొద్ది నెలల్లో అవి పనికివస్తాయి. అంతకు మించి వాటిలో కథ ఉండదు. వినడానికి ఎప్పుడూ మంచి కథే ఉండాలి.

ప్రశ్న: మా బడిలో అందరూ ఇంట్లో సవర భాష మాట్లాడే గిరిజన పిల్లలు. తెలుగు కథల పుస్తకం చదివితే చూస్తూ కూర్చుంటారు. ఏం చేయాలి?
— ఏకోపాధ్యాయ పాఠశాల ఉపాధ్యాయుడు, సీతంపేట ప్రాంతం

జవాబు: గిడుగు రామమూర్తి పుట్టినరోజైన ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. పర్లాకిమిడిలో పనిచేస్తూ సవర భాషను నేర్చుకొని, సవర పిల్లలకు బడులు పెట్టి, వారి భాషలో పుస్తకాలు రాసింది కూడా ఆయనే అన్న సంగతి ఆ రోజు ఉపన్యాసాల్లో అంతగా వినిపించదు. ఆయన సవర వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ వెలువడ్డాయి. ఇంటి భాషలో చదువు మొదలైతేనే పిల్లవాడికి బడి వంటబడుతుందని ఆయన నూరేళ్ళ కిందటే ఆచరించి చూపాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో మొదలైన బహుభాషా విద్యా కార్యక్రమం సవర, గోండి, కోయ, కోలామి, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో తొలి తరగతులకు పుస్తకాలు తెచ్చింది. మీ మండల విద్యా వనరుల కేంద్రంలోనో, గిరిజన సంక్షేమ శాఖ కార్యాలయంలోనో ఆ ప్రతులు మిగిలి ఉన్నాయేమో ముందు వెతకండి.

దొరకకపోతే మీ గూడెమే మీ ప్రచురణ సంస్థ. కథలు బాగా చెప్పే అవ్వనో తాతనో బడికి పిలిచి, సవరలో కథ చెప్పించి ఫోనులో రికార్డు చేయండి. నాలుగైదు తరగతుల పిల్లల సాయంతో దాన్ని తెలుగు లిపిలో రాయించండి. ఆ మాటల ఉచ్చారణలో మీకు అనుమానం వచ్చిన ప్రతిచోటా పిల్లలనే అడగండి. తరగతిలో గురువు నేర్చుకునేవాడు కావడం వారికి ఎంత సంబరమో మీరే చూస్తారు. పేజీకి రెండు మూడు వాక్యాల చొప్పున రాసి, బొమ్మలు వారి చేతనే వేయించి, మధ్యలో దారంతో కుట్టి అట్ట వేయండి. చెప్పినవారి పేరు, బొమ్మలు వేసినవారి పేర్లు అట్ట మీద ఉండాలి. ఇలాంటివి ఐదారు తయారయ్యాక, ఎదురు పేజీలో తెలుగు చేర్చండి. పిల్లలు అర్థం తెలిసిన కథ మీదుగా తెలుగు అక్షరాల్లోకి వస్తారు. బొమ్మలు బాగా చెప్పే తెలుగు పుస్తకాన్ని ఎంచుకొని, కథను ముందు సవరలో ఒక పిల్ల చేత చెప్పించి, తర్వాత మీరు తెలుగులో చదివినా చూస్తూ కూర్చోవడం తగ్గుతుంది.

ప్రశ్న: మాది ఇంగ్లీషు మాధ్యమంగా మారిన బడి. గ్రంథాలయానికి ఇంగ్లీషు పుస్తకాలే కొనమని తల్లిదండ్రులు అంటున్నారు.
— ప్రధానోపాధ్యాయిని, చిత్తూరు జిల్లా

జవాబు: రెండూ కొనండి. ఆంధ్రప్రదేశ్‌లో పాఠ్యపుస్తకాలే 2020–21 నుంచి ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా వస్తున్నాయి. కథల పుస్తకాల్లోనూ అలా రెండు భాషలున్నవి దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త తీసుకోవాలి. వాటిని చదివేటప్పుడు ఇంగ్లీషు వాక్యం ఒకటి, వెంటనే దాని తెలుగు ఒకటి చొప్పున చదవకండి. పిల్లలు ఇంగ్లీషు వినడం మానేసి తెలుగు కోసం కాచుకుంటారు. ఒకరోజు తెలుగులో పూర్తిగా చదివి, మర్నాడు ఇంగ్లీషులో పూర్తిగా చదవండి. ఇక తల్లిదండ్రులకు చెప్పవలసిన సంగతి ఏమిటంటే, చదవడమనే నైపుణ్యం అర్థమయ్యే భాషలో ముందుగా కుదురుకుంటుంది, కుదురుకున్నాక రెండో భాషకు అది తోడు వస్తుంది. సమావేశంలో వారి ఎదుటే ఒక పిల్ల చేత తెలుగు పుస్తకం చదివించి చూపితే ఈ మాట వారికి సులువుగా అర్థమవుతుంది.

ప్రశ్న: ఎనిమిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే అబ్బాయిలు నా తరగతిలో ఉన్నారు. చిన్నపిల్లల పుస్తకాలు ఇస్తే సిగ్గుపడి ముట్టుకోరు.
— తెలుగు ఉపాధ్యాయుడు, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఖమ్మం జిల్లా

జవాబు: ఆ సిగ్గును గౌరవించాలి. పాములు, క్రికెట్, మోటారు బండ్లు, దేశాల సైన్యాలు వంటి విషయాలపై బొమ్మలు ఎక్కువగా, మాటలు తక్కువగా ఉన్న పుస్తకాలు ముందు పెట్టండి. వార్తాపత్రికలోని ఆటల పేజీ కూడా చదువే. అయితే వీటికన్నా ఎక్కువ ఫలితం ఇచ్చేది మరొకటుంది. ఒకటో తరగతి పిల్లలకు కథ చదివి వినిపించే బాధ్యతను ఆ అబ్బాయిలకు అప్పగించండి. చిన్నవారికి చదవాలి కాబట్టి చిన్న పుస్తకాన్నే సాధన చేయాలి, అందులో నామోషీ ఉండదు. ఒక్కొక్కరికి ఒక బొమ్మల పుస్తకం ఇచ్చి నాలుగు రోజులు గడువివ్వండి. బడి వదిలాక మీ ముందు ఒకసారి పైకి చదివించి, ఎక్కడ ఆగాలో, బొమ్మ ఎప్పుడు చూపాలో చెప్పండి. అప్పుడు మిగతా తరగతి అక్కడ ఉండకూడదు. ప్రాథమిక పాఠశాల మీ ఆవరణలోనే ఉంటే శనివారం ఆఖరి పీరియడు సరిపోతుంది, లేకపోతే దగ్గరి అంగన్‌వాడీ టీచరును అడగండి. మొదటిసారి ఒక్కో అబ్బాయికి నలుగురు పిల్లలకు మించి ఇవ్వవద్దు.